"ముందు నాకు చూపించి పెట్టు" అంటున్నారు మా ఆయన

ప్రశ్న: మేం బెంగుళూరులో మారతహళ్ళి దగ్గర ఉంటాం. సొంతూరు ప్రకాశం జిల్లా. పెళ్ళయి 12 ఏళ్ళు. ఆయన సాఫ్ట్‌వేర్. నేను ఎమ్మెస్సీ చేశాను. రెండో కాన్పులో బాబు పుట్టేదాకా ఉద్యోగం చేసి మానేశాను. రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్లో కవితలు రాసుకోవడం అలవాటు. నిరుడు ఒక వెబ్ పత్రికకి కలం పేరుతో రెండు కవితలు పంపితే వేశారు. సంతోషం పట్టలేక ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నాను. అందులో ఒకటి, పెళ్ళయ్యాక తన గొంతు తనకే వినపడకుండా పోయిన ఒక ఆడమనిషి గురించి. ఆయన ఆఫీసులో ఎవరో అది చూసి "ఏంటన్నా, ఇంట్లో ఏమన్నా గొడవా?" అన్నారట. అప్పుడు మొదలైంది. "నీకు నేనేం తక్కువ చేశాను? ఎవర్ని చూసి రాశావ్?" అని. రెండో కవితలో 'అతను' ఎవరని రోజుల తరబడి అడిగారు. ఇప్పుడు ఏం రాసినా ముందు ఆయనకి చూపించాలి, ఆయన సరే అంటేనే పెట్టాలి. ఫోన్ పాస్‌వర్డ్ ఆయనకి తెలుసు. ఒకరోజు నోట్స్‌లో ఉన్నవన్నీ తీసేశారు. ఏడిస్తే "అవి లేకపోతే చచ్చిపోతావా" అన్నారు. పోయిన నెల మాటా మాటా పెరిగి నా ఫోన్ గోడకేసి కొట్టారు, పిల్లల ముందే. ఆయన తాగరు, నన్ను కొట్టరు, పిల్లలంటే ప్రాణం. అందుకే ఎవరికి చెప్పినా నాదే తప్పంటారు. "ఆ రాతలేవో మానేస్తే పోయేదానికి సంసారం పాడు చేసుకుంటావా" అంటుంది మా అమ్మ. తొమ్మిదేళ్ళ మా పాప కూడా "నువ్వు రాస్తే నాన్నకి కోపం కదమ్మా, ఎందుకు రాస్తావ్?" అంది. నేను రాయడం మానేయాలా? చూపించి పెట్టడానికి ఒప్పుకోవాలా? ఇంటి సంగతులు కవిత్వంలోకి రావడం నిజంగా భర్తకి ద్రోహమా?
(పేరు వద్దన్నారు, బెంగుళూరు)

సమాధానం:

రాయడం మానొద్దు. చూపించి పెట్టడానికి ఒప్పుకోవద్దు. ద్రోహం కాదు. మీ మూడు ప్రశ్నలకూ నా జవాబు ఇదే. కానీ ఇంతటితో ఊరుకుంటే మీకు నేనేం సాయం చేసినట్టు కాదు. ఈ జవాబు పట్టుకుని రేపు పొద్దున ఆ ఇంట్లో ఉండాల్సింది మీరు. అందుకని వివరంగానే రాస్తాను.

ముందుగా ఫోన్ సంగతి. మీరు దాన్ని ఉత్తరం మధ్యలో ఒక్క ముక్కలో చెప్పేసి, వెంటనే ఆయన మంచితనం గురించి రాశారు. తాగరు, కొట్టరు, పిల్లలంటే ప్రాణం. ఈ మూడూ నిజమే అయి ఉంటాయి. వాటిని నేను కాదనను. కానీ ఇంకా కొన్ని మాటలు కూడా మీరే రాశారు. మీరు రాసుకున్నవన్నీ మీకు చెప్పకుండా తీసేశారు. మీ చేతిలోని వస్తువు మీ పిల్లల ఎదుట గోడకేసి కొట్టారు. 'అతను' ఎవరని రోజుల తరబడి నిలదీశారు. చేయి పడనంత కాలం ఏదీ హింస కాదన్న లెక్క మన ఇళ్ళలో ఎంతగా పాతుకుపోయిందంటే, వస్తువులు పగిలే ఇంట్లో ఉంటూ కూడా "ఆయన కొట్టరు" అని మనమే వకాల్తా పుచ్చుకుంటాం. దెబ్బ పడిందా లేదా అన్నది ఒక్కటే చూడకండి. ఆయన వచ్చే వేళకి మీరు ఫోన్ బోర్లా పెడుతున్నారా? ఒక లైన్ రాశాక అది మంచి లైనేనా అని కాకుండా ఆయన చూస్తే ఏమంటారో అని ముందు ఆలోచిస్తున్నారా? అవును అంటే, మీ ఇంట్లో భయం కాపురం చేస్తోంది. దానికి అణచివేత అనే పేరు పెట్టడానికి మీరు మొహమాటపడనక్కర్లేదు.

చట్టం కూడా కొట్టడం దగ్గరే ఆగిపోలేదు. 2005లో చేసి, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి తెచ్చిన గృహహింస నిరోధక చట్టంలో మూడో సెక్షన్ ఉంది. శారీరక, లైంగిక హింసతో పాటు మాటలతో, మనసుని నలిపి చేసే హింస, డబ్బు దగ్గర కట్టడి చేసే హింస కూడా గృహహింసే అని అది చెబుతుంది. అవమానించడం, ఎగతాళి చేయడం, కించపరచడం అందులో పేరుపేరునా ఉన్నాయి. రేపే కోర్టుకు వెళ్ళమని ఇది చెప్పడం లేదు. మీకు జరుగుతున్నది "చిన్న విషయం" కాదని ఈ దేశపు చట్టసభ దాదాపు 20 ఏళ్ళ కిందటే ఒప్పుకుందని మీకు తెలియాలి. చట్టం గురించి కింద మళ్ళీ రాస్తాను.

ఇప్పుడు కవిత్వం మాట. మీ ఉత్తరంలో రెండు సంగతులు కలిసిపోయాయి, వాటిని విడదీస్తే మీకు దారి తెలుస్తుంది. రాయడం వేరు, నలుగురికీ చూపించడం వేరు.

రాయడం దగ్గర ఎవరికీ మాట లేదు. భర్తకి లేదు, అత్తగారికి లేదు, మీ అమ్మగారికి లేదు, నాకూ లేదు. మనసులో వచ్చింది కాగితం మీద పెట్టుకోవడానికి పర్మిషన్ అడగడం మొదలుపెడితే, కొన్నాళ్ళకి మనసులో రావడానికి కూడా పర్మిషన్ అడుగుతారు. కోపం, కోరిక, విసుగు, పిల్లల మీద ఒక్కోసారి వచ్చే చిరాకు, పెళ్ళికి ముందు ఉన్న మనిషి మీద బెంగ, అన్నీ రాయండి. అక్కడ న్యాయంగా ఉండాల్సిన పని లేదు. ఆయన వైపు కూడా చూపించాలని, బ్యాలెన్స్ చేయాలని పాకులాడొద్దు. మంచి కవిత్వం చాలాసార్లు అన్యాయంగానే మొదలవుతుంది.

ప్రచురించడం దగ్గర మాత్రం ఆలోచించాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆ ఆలోచన మీది, తీర్మానం మీది. మీ పాప పేరు, స్కూలు, తను మీతో గుట్టుగా చెప్పుకున్న మాట కవితలోకి వస్తే, పదహారేళ్ళ వయసులో అది చదివి తనకెలా ఉంటుందో చూసుకోవాలి. మీ ఆయన ఆరోగ్యం గురించో, ఆయన చిన్నప్పటి దెబ్బల గురించో మిమ్మల్ని నమ్మి చెప్పినవి ఉంటే, అవి ఆయనవి. వాటిని ఎలా వాడుకోవాలో, అసలు వాడుకోవాలో లేదో మీరు తేల్చుకోవాలి. కానీ పెళ్ళయ్యాక మీ గొంతు మీకు వినపడకుండా పోవడం ఆయన రహస్యం కాదు. అది మీ బతుకు. దాని మీద కాపీరైట్ మీదే. ఈ మాట ఊరికే అనడం లేదు, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచనకు మొదటి హక్కుదారు రాసిన మనిషే. రిజిస్టర్ చేయించకపోయినా, కలం పేరుతో రాసినా ఆ హక్కు పోదు. మీరు బతికినంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళ వరకూ ఉంటుంది; కలం పేరు వెనక ఎవరున్నారో ఎప్పటికీ బయటపెట్టకపోతే మాత్రం అచ్చయినప్పటి నుంచి 60 ఏళ్ళు. పెళ్ళి దాన్ని భర్త పేరు మీదికి మార్చదు.

"ఆ 'అతను' ఎవరు?" అన్న ప్రశ్నకు మీరు జవాబు చెప్పనక్కర్లేదు. ఒకసారి చెబితే ప్రతి కవితకీ చెప్పాలి. కవితలో 'నేను' అన్నంత మాత్రాన అది మీ వాంగ్మూలం కాదు. పక్కింటావిడది, రైల్లో కనిపించిన అమ్మాయిది, మీ అమ్మమ్మది, సగం కల్పించుకున్నది, ఏదైనా కావచ్చు. విరహాల మీద, పరాయి ప్రేయసి మీద సంపుటాలకు సంపుటాలు వేసిన మగకవులను ఇంట్లో నిలబెట్టి ఎవరావిడ అని అడిగి, ఇకపై నాకు చూపించి అచ్చేయించు అన్న భార్యలు ఎంతమంది ఉంటారు? అడిగినా "కవిహృదయం నీకేం తెలుసు" అని నవ్వేసేవారు. కల్పన చేసే హక్కు వాళ్ళకి పుట్టుకతో వచ్చింది. మనం రాస్తే మాత్రం సాక్ష్యం అయిపోతుంది.

ఇది మీ ఇంటి నుంచి మొదలైన గొడవ కాదండీ. మన పాత కవయిత్రుల్లో పేరు మిగిలినవాళ్ళను చూడండి. మొల్ల పెళ్ళి చేసుకోలేదని చెబుతారు. తరిగొండ వెంగమాంబకి చిన్నతనంలోనే భర్త పోయాడు. ముద్దుపళని తంజావూరులో ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న దేవదాసి. ముగ్గురిలో ఎవరికీ రోజూ పక్కన కూర్చుని 'ఇది తీసెయ్' అనే భర్త లేడు. తాళ్ళపాక తిమ్మక్క గృహిణే, అన్నమయ్య భార్య, 'సుభద్రా కల్యాణం' రాసింది. కానీ ఆవిడ మెట్టిన ఇల్లు ఇంటిల్లిపాదీ కవులున్న ఇల్లు. పొయ్యి దగ్గర, ఉయ్యాల దగ్గర మనసులో కట్టుకుని అక్కడే మర్చిపోయిన ఆడవాళ్ళ పద్యాలు ఎన్ని ఉంటాయో లెక్క చెప్పగలిగేవాళ్ళు లేరు. నాకు ఆ పోయిన పద్యాల మీద నిజంగా దుఃఖం వస్తుంది. మీ నోట్స్ తీసేశారని చదివినప్పుడు మీ కవితలు కూడా వాటిలో కలిశాయనిపించింది.

మీరున్న ఊరి పేరు ఇంటిపేరులా పెట్టుకున్న ఒకావిడ కథ మీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. బెంగుళూరు నాగరత్నమ్మ 1878లో మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టింది. పాడటంలో ఆరితేరి తర్వాత మద్రాసు వెళ్ళి స్థిరపడింది. ముద్దుపళని 'రాధికా సాంత్వనం' చదవబోతే, ఆవిడకి దొరికిన అచ్చు పుస్తకంలో చాలా భాగం కోసేసి ఉంది. పట్టుబట్టి పాత ప్రతి సంపాదించింది. స్త్రీ విద్య కోసం అంత పాటుపడ్డ వీరేశలింగం పంతులుగారు కూడా, ఆడది రాయదగిన మాటలు కావని ఆ కావ్యాన్ని నిరసించారు. మగవాళ్ళు రాసిన శృంగారానికి అడ్డురాని మర్యాద ఆడవాళ్ళు రాస్తేనే ఎందుకు అడ్డొస్తుందని నాగరత్నమ్మ ఎదురడిగింది. 1910లో వావిళ్ళవారి చేత మొత్తం కావ్యం అచ్చు వేయించింది. బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని దాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన 1946-47 రోజుల్లో గానీ ఆ నిషేధం తొలగలేదు. ఒక ఆడమనిషి రాసిన పద్యాలు, వాటిని కోసేసిన మగవాళ్ళు, తిరిగి అతికించిన ఇంకో ఆడమనిషి. తీసేసిన వాటిని తిరిగి తెచ్చుకున్నవాళ్ళు మనకు ఉన్నారు.

ఆ తర్వాత 1980ల్లో, 90ల్లో తెలుగులో స్త్రీవాద కవిత్వం వచ్చింది. వంటిల్లు, పైట, పురుడు, పడగ్గది, ఆఫీసు బస్సులో మీద పడే చూపులు, అప్పటిదాకా కవితా వస్తువులు కాని వాటి గురించి రాశారు. రాసినవాళ్ళలో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ, సంసారాల మధ్య నుంచే రాశారు. దాన్ని 'నీలి కవిత్వం' అని వెక్కిరించినవాళ్ళు ఉన్నారు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన సంకలనానికి 'నీలిమేఘాలు' అని పేరు పెట్టి ఆ నింద ముఖానే నిలబెట్టారు. దొరికితే చదవండి. మీ ఆయన మిమ్మల్ని అడిగినవన్నీ వాళ్ళనీ ఎవరో ఒకరు అడిగే ఉంటారని చదువుతుంటేనే తెలుస్తుంది. ఒంటరిదాన్నన్న బాధ కొంత తగ్గుతుంది.

ఇక ఆయన వైపు. ఆఫీసులో ఎవరో అలా అడిగినప్పుడు ఆయనకి తలకొట్టేసినట్టయి ఉంటుంది. అది నిజమైన బాధే. ఇంట్లో ఒక ఫిర్యాదు ఉందని ఆయనకి మీ నోటి నుంచి కాకుండా పరాయివాడి నోటి నుంచి తెలిసింది. ఆ బాధ గురించి మీతో మాట్లాడే హక్కు ఆయనకి పూర్తిగా ఉంది. "ఇది చదివితే నాకు కష్టమనిపించింది" అనొచ్చు. "ఇలా ఉందా నీకు నాతో?" అని అడగొచ్చు. నిజానికి ఆయన అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. పన్నెండేళ్ళు పక్కనున్న మనిషి తన గొంతు తనకు వినపడటం లేదని రాస్తే, ఎవరు చూశారు అన్న టెన్షన్ కంటే ముందు ఎందుకు రాసింది అన్న ప్రశ్న రావాలి. అది రాకుండా నేరుగా తాళం వేయడానికి వెళ్ళారు. బాధపడటం వరకూ ఆయన ఇష్టం. తాళం చేతులు మాత్రం ఆయనవి కావు.

కాబట్టి ఒకసారి మాట్లాడండి. గొడవ మధ్యలో వద్దు. పిల్లలు స్కూల్లో ఉన్నప్పుడు, ఆయన వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్న రోజు ఎంచుకోండి. పొడుగ్గా వాదించొద్దు. స్త్రీ స్వేచ్ఛ మీద ఉపన్యాసం అసలే వద్దు, ఆయన దానికి జవాబు ముందే సిద్ధం చేసుకుని ఉంటారు. నేనైతే ఇలా చెబుతాను: "మీ ఆఫీసులో అలా అడగడం మీకు ఇబ్బందైంది, నాకు అర్థమైంది. మీ పేరు, పిల్లల పేర్లు, మనల్ని గుర్తుపట్టే వివరాలు నా కవితల్లో రావు. మీ ఆఫీసువాళ్ళు ఉన్న ఫేస్‌బుక్‌లో పెట్టను. కానీ ముందు చూపించి, మీరు సరే అంటే పెట్టడం నేను చేయను. నా ఫోన్లోవి తీసేయడం, వస్తువులు పగలగొట్టడం ఇంకోసారి జరగకూడదు. పెట్టాక చదవండి, నచ్చకపోతే చెప్పండి, వింటాను." ఇక్కడితో ఆపండి. "అంటే నేను విలన్నా" అంటే "నేనలా అనలేదు" అని ఊరుకోండి. ఈ మాటలో మీరు ఇస్తున్నవి ఉన్నాయి, ఇవ్వనిది ఒకటి ఉంది. ఇచ్చేవాటి మీద ఎంతైనా బేరమాడనివ్వండి, ఇవ్వనిదాని మీద వద్దు. "సరే, ఒక్క ఇంటి మీదవి చూపించు చాలు" అంటారు. ఒప్పుకోకండి. ఏది ఇంటి మీదదో తేల్చేది మళ్ళీ ఆయనే అవుతారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఎదురుగా కూర్చుని ఈ మాట చెబితే ఆయన మళ్ళీ వస్తువులు విసురుతారని మీకు లోపల అనిపిస్తే, ఈ సంభాషణ వద్దు. ఆ భయాన్ని నమ్మండి. ఆ మనిషితో రోజూ ఉండేది మీరు, నేను కాదు. అప్పుడు ముందు కింద చెప్పిన పనులు చేసుకుని, మీ అన్నయ్యో, ఆయన మాట వినే పెద్దవాళ్ళో ఇంట్లో ఉన్నప్పుడు చెప్పండి.

చేసుకోవాల్సిన పనుల్లో మొదటిది, మీ కవితలు ఒకే చోట ఉండకూడదు. ఆయనకి తెలియని కొత్త ఈమెయిల్ ఒకటి తెరిచి, ఇంట్లో ఉన్న ఫోన్లో కాకుండా స్నేహితురాలి ఫోన్లోనో, బయట ఎక్కడైనానో మాత్రమే తెరవండి. పోయినవాటిలో గుర్తున్నవి ఇప్పుడే, ఈ వారంలోనే తిరిగి రాయండి. ఒక్క లైనే గుర్తుంటే ఆ ఒక్క లైనే. కొన్ని నోట్స్ యాప్‌లలో తీసేసినవి కొన్ని రోజుల పాటు చెత్తబుట్టలో ఉంటాయి, ఒకసారి చూడండి. వెబ్ పత్రికకి పంపిన మెయిల్లో ఆ రెండూ ఎలాగూ ఉంటాయి. మామూలు లాంగ్ నోట్‌బుక్‌లో రాసి నమ్మకమైన మనిషి దగ్గర దాచడం కూడా మంచిదే. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరిచి, మీది కాని కంప్యూటర్ ఏదైనా కలిపి ఉందేమో చూడండి. పాస్‌వర్డ్‌లు మార్చాల్సిందే, కానీ అన్నీ ఒకే రాత్రి మార్చేస్తే పెద్ద గొడవవుతుంది. ఆయనతో మాట్లాడాక, ఆయనకి చెప్పే మార్చండి. "నా ఫోన్ నాది" అని చెప్పి మార్చడంలో దాపరికం ఏమీ లేదు.

డబ్బు గురించి మీరు ఏం రాయలేదు. ఉద్యోగం మానేసిన ఇంట్లో ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉందన్నది చిన్న సంగతి కాదు. మీ పేరు మీద, మీ ఒక్కరి ఫోన్ నంబరుతో ఒక ఖాతా ఉండాలి. ఆధార్, సర్టిఫికెట్లు, పెళ్ళి ఫోటోలు, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, మీకు పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం లిస్టు, వీటి కాపీలు ఇంటి బయట ఒకచోట ఉంచండి. ఎమ్మెస్సీ చదివారు. ఇంటి దగ్గర నుంచి ట్యూషన్లు చెప్పినా, మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళినా, సంపాదన మొదలవ్వాలి. కవిత్వానికీ దీనికీ సంబంధం ఏమిటని అనుకోకండి. "నేను తిండి పెడుతుంటే నా మీదే రాస్తావా" అనే మాట ఇప్పటిదాకా ఆయన అనకపోయి ఉండొచ్చు. అన్న రోజున మీ దగ్గర జవాబు ఉండాలి.

ఇంటి బయటికి రండి. కర్ణాటకలో 2023 జూన్ నుంచి ప్రభుత్వ మామూలు బస్సుల్లో ఆడవాళ్ళకి ఛార్జీ లేదు. మీ ఆధార్‌లో బెంగుళూరు అడ్రస్ ఉంటే బీఎంటీసీ సిటీ బస్సెక్కడానికి ఎవర్నీ చిల్లర అడగనక్కర్లేదు. ఆధార్‌లో ఇంకా ప్రకాశం జిల్లా అడ్రసే ఉంటే ముందు అది మార్పించండి. వైట్‌ఫీల్డ్ నుంచి వచ్చే పర్పుల్ లైన్ మెట్రోలో కబ్బన్ పార్కు స్టేషన్లో దిగితే, పార్కు లోపల ఎర్ర గోడల పాత భవనంలో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. అక్కడ కూర్చుని రాసుకుంటుంటే వెనకనుంచి తొంగిచూసేవాళ్ళు ఉండరు. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఉంది, సాహిత్య సభలు జరుగుతుంటాయి. మొదట్లో వెనక వరసలో కూర్చుని వినండి చాలు. మీలాగే రాసుకునే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు దొరికితే, మీ కవితకి ముందు పాఠకులు వాళ్ళవుతారు. ఇప్పుడు ఆ స్థానంలో మీ ఆయన ఒక్కరే ఉన్నారు, మీ కష్టంలో సగం అదే.

చట్టం దగ్గరకి వస్తానన్నాను. మళ్ళీ వస్తువులు పగిలినా, చెయ్యెత్తినా, ఇంట్లోంచి పొమ్మన్నా, పిల్లల్ని తీసుకుపోతానని బెదిరించినా, ఇంకోసారి చూద్దాం అనుకోకండి. అప్పటికప్పుడు ప్రమాదమైతే 112. మాట్లాడి సలహా తీసుకోవాలంటే మహిళా హెల్ప్‌లైన్ 181. బెంగుళూరు పోలీసుల వనితా సహాయవాణి 1091, ఇన్‌ఫాంట్రీ రోడ్డులో కమిషనర్ ఆఫీసు దగ్గర కౌన్సెలింగ్ కూడా చేస్తారు. ఉచితంగా లాయర్ కావాలంటే 15100. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం వస్తుంది, భర్త జీతం ఎంతైనా సరే. గృహహింస చట్టం కింద మెజిస్ట్రేటుకి అర్జీ పెట్టుకోవచ్చు, ఇక వేధించకూడదని ఉత్తర్వు అడగొచ్చు. ఫ్లాట్ ఆయన పేరు మీదున్నా, అద్దెదైనా, 17వ సెక్షన్ ప్రకారం కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు మీకు ఉంది. "నా ఇల్లు, బయటికి నడు" అనే మాట చట్టం ముందు చెల్లదు. అర్జీ పెట్టగానే విడాకులైనట్టు కాదు, ఆయన్ని జైల్లో వేసినట్టూ కాదు. ఈ రెండు భయాల వల్లే చాలామంది ఆ గడప తొక్కరు. గోడకేసి కొట్టిన ఆ ఫోన్ పారేయకండి. ఏ రోజు ఏం జరిగిందో తేదీతో రాసిపెట్టుకోండి. మీకు రాయడం వచ్చు కదా.

అమ్మ మాటకి ఎక్కువ బాధపడకండి. ఆవిడకి కవిత్వం మీద కోపం లేదు, కూతురు ఇద్దరు పిల్లల్ని తీసుకుని వచ్చేస్తే ఊళ్ళో ఏమంటారో అన్న భయం ఉంది. ఆవిడని మీ కవితలు మెచ్చుకోమని అడగొద్దు. ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "అవసరమైతే పిల్లలతో కొన్నాళ్ళు వచ్చి ఉండొచ్చా?" ఆ జవాబు మీకు అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది.

పాప ప్రశ్న దగ్గర మాత్రం నాకు కళ్ళు చెమర్చాయి. అమ్మ రాయడం వల్ల నాన్నకి కోపం వస్తుంది, కాబట్టి అమ్మ రాయకూడదు. తొమ్మిదేళ్ళకే ఆ లెక్క నేర్చుకుంది, మీరు ఇప్పుడు ఏం చేసినా తను చూస్తూ ఉంటుంది. తనకి నాన్న మీద చెడ్డగా చెప్పొద్దు. "నాకు రాయడం ఇష్టం, అందుకే రాస్తాను. నాన్న కోపం సంగతి నాన్నా నేనూ మాట్లాడుకుంటాం, నువ్వు బెంగపడకు" అనండి. తనకీ ఒక నోట్‌బుక్ కొనివ్వండి. దానిలో ఏముందో తను చూపిస్తే తప్ప మీరూ చూడకండి.

"పిల్లల కోసం" అనే మాట మీరు ఉత్తరంలో రాయలేదు, నాకు సంతోషం. ఎవరైనా అంటే మాత్రం, పిల్లల కోసమే రాస్తున్నానని చెప్పండి.

చివరగా, మీరు ఉత్తరంతో పాటు ఒక కవిత పంపి "ఇందులో ఏమైనా ఉందా?" అని అడిగారు. ఉంది. పెళ్ళిచూపుల్లో పాట పాడమన్నవాళ్ళే పెళ్ళయ్యాక గొంతు తగ్గించమన్నారని రాసిన భాగం బలంగా ఉంది. అక్కడ ఒక్క విశేషణం కూడా వాడలేదు, అందుకే తగిలింది. మధ్యలో పంజరం, రెక్కలు వచ్చాయి. అవి చాలామంది వాడేసినవి, మీవి కావు, తీసేయండి. వాటి బదులు మీ వంటింటి కిటికీలోంచి మీకు నిజంగా ఏం కనిపిస్తుందో అది పెట్టండి.

ఆ చివరి నాలుగు లైన్లు, "అయినా నువ్వు మంచివాడివే" అని మొదలయ్యేవి, ఎవరి కోసం రాశారు? అంతకుముందు ఇరవై లైన్లలో అటువంటి మాట రావడానికి కారణం ఏదీ లేదు. ఆయన చదువుతారని రాసిన లైన్లవి, చదువుతుంటే తెలిసిపోతోంది. అవి కొట్టేసి, "గొంతు తగ్గించమన్నారు" దగ్గరే కవిత ఆపి, మీ కలం పేరుతోనే ఆ పత్రికకి పంపండి. వేశాక నాకూ ఒక కాపీ పంపండి.